వేంగీపురము

ప్రాచీన, మధ్య యుగములలో ఆంధ్రదేశపు తూర్పు తీరపు ఏలికలకు నెలవై, శాలంకాయనుల నాటినుండి తూర్పు చాళుక్యుల నాటివరకు పలు శతాబ్దములు వర్ధిల్లి, పిమ్మట రాజాశ్రయమును కోల్పోయి క్రమక్రమముగా క్షీణించి, నేడు ఏలూరు జిల్లాలోని పెదవేగి, చినవేగి, దెందులూరు గ్రామముల పరిసరములందు మట్టిదిబ్బలుగాను, చెరువుగట్లుగాను, చెదరిన ఇటుకలుగాను మాత్రమే మిగిలియున్న నగరము వేంగీపురము. ఒక యుద్ధములో ఒక్కనాడు దగ్ధమైపోయిన పట్టణము కాదిది. రాజు వెడలిపోగా కొలువు వెడలినది. కొలువు వెంట శిల్పియు, వర్తకుడును, పండితుడును వెడలిరి. మిగిలిన కాపులు ఊరిని పల్లెగా మార్చుకొని, కోటలున్న చోట పైరు పెట్టిరి. ఇట్లు నిశ్శబ్దముగా సాగిన నిష్క్రమణమే వేంగీపుర చరిత్రలోని ముఖ్యాంశము.

ఉనికి

పెదవేగి గ్రామము ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరములో, మెట్టభూములు ముగిసి పల్లపు భూములు ఆరంభమగు తావున నున్నది. దక్షిణమున కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేటి సరస్సు విస్తరించియుండగా, ఉత్తరమున ఎఱ్ఱనేలలు మెల్లగా ఎత్తెక్కుచు అడవికొండల వైపు సాగును. ఉత్తరమునుండి దిగివచ్చు తమ్మిలేరు ఏలూరు మీదుగా ప్రవహించి కొల్లేటిలో కలియును. వేంగీపురము మహానది యేదియు ఒరసి పాఱని నగరము. దాని జీవనము చెరువులపై ఆధారపడినది. కృష్ణాతీరమునుండి కళింగమునకు పోవు సేనలు, బిడారులు ఒక ప్రక్క సరస్సును, మఱియొక ప్రక్క అడవులను తప్పించుకొని ఈ నడిమి మార్గముననే పోవలసియుండుటచే, ఈ స్థలమును చేతబట్టినవాడు తీరాంధ్రపు రాకపోకలను చేతబట్టినట్లే యయ్యెను. ఈనాటికిని కోల్‌కతా, చెన్నై నగరములను కలుపు రైలుమార్గమును జాతీయ రహదారియు ఏలూరు, దెందులూరు, తాడేపల్లిగూడెముల వైపుగా ఈ దారినే పోవుచున్నవి.

శాలంకాయనుల కాలము

క్రీ.శ. రెండవ శతాబ్దమునాటి గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టోలెమీ తన గ్రంథమున పేర్కొనిన 'సలకెనోయి' జనులు శాలంకాయనులేయనియు, వారి నగరమైన 'బెనగౌరోన్' వేంగీపురమేయనియు చరిత్రకారులు భావింతురు. నాల్గవ శతాబ్ద మధ్యమున దక్షిణదిగ్విజయము సాగించిన సముద్రగుప్తుడు ఓడించి విడిచిన రాజులలో వేంగీ పాలకుడైన హస్తివర్మ యొకడని అలహాబాదు స్తంభశాసనము తెలుపుచున్నది. వృషభలాంఛనులును, చిత్రరథస్వామి పాదభక్తులును అయిన శాలంకాయనులు వేంగీపురమునుండి వెలువరించిన తామ్రశాసనములు పెదవేగి, ఏలూరు, కంతేరు మున్నగు చోట్ల లభించినవి. విజయ నందివర్మ వేయించిన యొక శాసనము కొల్లేటి శాసనమని ప్రసిద్ధి కెక్కినది.

వీనిలో విజయ దేవవర్మ వెలువరించిన ఏలూరు ప్రాకృత శాసనము ప్రత్యేకముగా గమనింపదగినది. అశ్వమేధయాజి యైన ఆ రాజు ఒక బ్రాహ్మణునకు భూదానము చేయుచు, ఆ సంగతిని గ్రామపెద్దకును తక్కిన ఏలూరు గ్రామవాసులకును తన రాజధానియైన వేంగీపురమునుండి ఆజ్ఞారూపమున తెలియజేసెను. నాడు ఏలూరు గ్రామము, వేంగి రాజధాని; నేడు ఏలూరు నగరము, జిల్లా కేంద్రము; వేంగి దాని చేరువనున్న పల్లె. ఈ రెండు స్థలముల భాగ్యములు తారుమారైన వృత్తాంతమంతయు ఆ రెండు కాలముల మధ్య ఇమిడియున్నది.

ఈ శాసనముల లిపిని పరిశీలించిన బర్నెల్ దొర 1874 లో ప్రకటించిన దక్షిణభారత లిపిశాస్త్ర గ్రంథమున దానికి వేంగీ లిపియని పేరిడెను. తెలుగు, కన్నడ లిపుల పూర్వరూపములను తెలిసికొనగోరువారు నేటికిని ఈ రాగిరేకుల యొద్దనే తమ అధ్యయనమును ఆరంభింపవలసియున్నది.

విష్ణుకుండినులు - చాళుక్య విజయము

శాలంకాయనుల తరువాత ఈ సీమ విష్ణుకుండినుల వశమయ్యెను. రెండవ విక్రమేంద్రవర్మ వెలువరించిన చిక్కుళ్ల శాసనము లెందులూరు నివాసమునుండి ఇయ్యబడినది. ఆ లెందులూరు నేటి దెందులూరేయని పండితుల నిర్ణయము. కనుక పెదవేగి, దెందులూరుల నడుమ నున్న భూభాగమంతయు ఒకే రాజధానీమండలముగా వ్యవహరించెనని ఊహించుటకు అవకాశమున్నది.

ఏడవ శతాబ్దారంభమున బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి పిష్ఠపుర దుర్గమును సాధించి, కునాళ సరోవర తీరమున ఘోరయుద్ధము సల్పెను. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనమున రవికీర్తి కవి, హతులైన వీరుల రక్తముచే ఆ సరోవర జలములు ఎఱ్ఱబడినట్లు వర్ణించెను. ఆ కునాళమే కొల్లేరు. పులకేశి తన తమ్ముడైన కుబ్జ విష్ణువర్ధనుని ఈ దేశమునకు పాలకునిగా నియమింపగా, క్రీ.శ. 624 ప్రాంతమున తూర్పు చాళుక్య వంశము నెలకొని సుమారు నాలుగున్నర శతాబ్దములు పరిపాలించెను.

యాత్రికుల, కవుల దృష్టిలో

ఏడవ శతాబ్దపు నాల్గవ దశకాంతమున దక్షిణాపథమును దర్శించిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఆంధ్రదేశ రాజధానిని 'పింగ్-కి-లో' యని పేర్కొని, దాని చుట్టుకొలత చీనా దూరపు కొలతలో సుమారు 20 లీలని వ్రాసెను. ఆ దేశమున ఇరువదికి పైగా సంఘారామములును, వానియందు సుమారు 3000 మంది భిక్షువులును ఉండిరనియు, నగరమునకు నైరృతిదిశలో నున్న యొక ఏకాంతగిరిపై బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రమును రచించెననియు అతడు తెలిపెను. కామవరపుకోట మండలములోని గుంటుపల్లి గుహలు, స్తూపములు, తాడేపల్లిగూడెము చేరువనున్న అరుగొలను బౌద్ధ దిబ్బలు ఈ సీమయందు బౌద్ధము ఎంతటి విస్తృతి నందియుండెనో తెలుపు ప్రత్యక్షసాక్ష్యములు.

దండి రచించిన దశకుమారచరితమున మంత్రగుప్తుని కథ ఆంధ్రనగరమునందే నడచును. ఆ నగరమునకు అనతిదూరమున సముద్రమును బోలిన, కలహంసలతో నిండిన మహాసరస్సు ఉన్నట్లు కవి వర్ణించెను. ఆ రాజు పేరు జయసింహుడు. తూర్పు చాళుక్యులలోను ఆ పేరుగల రాజులుండిరి. కల్పితకథను చరిత్రగా గ్రహింపరాదుగాని, వేంగినిగాని కొల్లేటినిగాని ఎఱిగిన వానికి తప్ప అట్టి వర్ణన సాధ్యము కాదని పలువురు పండితులు తలంచిరి.

చాళుక్య రాజధాని వైభవము

నరేంద్రమృగరాజ బిరుదాంకితుడైన రెండవ విజయాదిత్యుడు గంగులతోను రాష్ట్రకూటులతోను పండ్రెండు సంవత్సరములు పోరి, 108 యుద్ధములు చేసి, అన్ని శివాలయములను నిర్మించెనని ఆ వంశపు శాసనములు చాటుచున్నవి. అతని మనుమడు గుణగ విజయాదిత్యుడు 848 నుండి 44 సంవత్సరములు పాలించి రాష్ట్రకూట రాజ్యమువరకు తన పరాక్రమమును ప్రసరింపజేసెను.

ఈ రాజుల పాలన ఎట్టిదో తెలిసికొనుటకు వారి తామ్రశాసనములు ముఖ్యాధారములు. అరచేతి వెడల్పుతో, పొడవుగా సాగగొట్టిన రాగిరేకుల కొనలయందు రంధ్రము చేసి, రాగికడియమున గ్రుచ్చి, ఆ కడియపు కొనలను గుండ్రని ముద్రలో పోతపోసి బిగించెడివారు. ముద్రపై 'శ్రీ త్రిభువనాంకుశ' అను అక్షరములు, పైని వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, అడుగున వికసించిన పద్మము కానవచ్చును. రేకులు మార్చుటకు వీలులేకుండుటకే ఈ కట్టుదిట్టము. లోపలి సంస్కృత పాఠమున వంశావళి, దాతృప్రశంస, దానగ్రహీత గోత్రసూత్రములు ముగిసిన పిమ్మట, పొలిమేరలను చెప్పుతావున భాష నేలకు దిగును: చెట్టు, చెరువు, పుట్ట, గుంట, దారి అనునవి పొరుగూళ్ల పేర్లతోపాటు తెలుగున పలుకరించును. ఆ హద్దులలో చెప్పబడిన ఊళ్లలో కొన్ని నేటికిని నిలిచియుండగా, మఱికొన్ని ఎచ్చటనున్నవో గుర్తింపరాకుండ పోయినవి. వేంగివలె రాజధానులు కానందున చరిత్ర కెక్కక పాడువడిన సామాన్య గ్రామముల జ్ఞాపకము ఈ రాగిరేకులలోనే నిలిచియున్నది.

పాడుపడుటకు కారణములు

గుణగ విజయాదిత్యుని మరణానంతరము రాష్ట్రకూట రాజు రెండవ కృష్ణుని సేనలు వేంగీదేశమును ముంచెత్తెను. మొదటి చాళుక్య భీముడు వారిని తఱిమి రాజ్యమును నిలుపుకొనెనుగాని, నాటినుండి పశ్చిమమునుండి వచ్చు దండయాత్రలకు వేంగీపురము సులభలక్ష్యమయ్యెను. ఆ పురమునకు రక్షణగా పెద్దనది లేదు. గోదావరికి ఆవల నున్న సీమ అంతకంటె క్షేమకరముగా తోచియుండును. గుణగుని నాటి బిక్కవోలు ఆలయములు, చాళుక్య భీముని పేరు వహించిన సామర్లకోట భీమేశ్వరాలయము, ద్రాక్షారామము - ఇవి యన్నియు గోదావరికి తూర్పుననే వెలసినవి. రాజధాని మాఱుటకు పూర్వమే రాజుల ధనమును, భక్తియు, శిల్పుల ఉలియు తూర్పునకు మరలెనని ఈ ఆలయములు తెలుపుచున్నవి.

రాజధానిని రాజమహేంద్రవరమునకు మార్చినవాడు 922 నుండి 929 వరకు పాలించిన మొదటి అమ్మరాజని కొందఱును, అదే రాజమహేంద్ర బిరుదము ధరించిన రెండవ అమ్మరాజని కొందఱును, రాజరాజ నరేంద్రుడని మఱికొందఱును చెప్పుదురు. ఏదియెట్లున్నను 1022 లో పట్టాభిషిక్తుడైన రాజరాజ నరేంద్రుని కాలమునకు ఈ మార్పు పూర్తియైనది. నన్నయభట్టు భారతావతారికలో రాజు కొలువుండు పురము రాజమహేంద్రమే. వేంగి యనునది అప్పటికి దేశనామముగా మాత్రమే నిలిచెను.

ఈ లోపల 973 మొదలు 27 సంవత్సరములు జటాచోడ భీముడు రాజ్యమును ఆక్రమించుట, చోళ రాజరాజు సాయముతో చాళుక్యులు తిరిగి సింహాసన మెక్కుట, విమలాదిత్యుడు చోళ రాజపుత్రిక కుందవను వివాహమాడుట, అందుచే వేంగి కల్యాణి చాళుక్యులకును చోళులకును వివాదభూమి యగుట వరుసగా సంభవించెను. 1070 లో రాజరాజ నరేంద్రుని కుమారుడు కులోత్తుంగ చోళుడను పేర చోళ సింహాసనమును అధిష్ఠించుటతో వేంగీదేశము ప్రతినిధులచే పాలింపబడు మండలమై, పాత రాజధానిని పునరుద్ధరింపవలసిన అవసరము ఎవ్వరికిని లేకపోయెను.

కొలను: సరస్సులోని మఱియొక పాడునగరము

వేంగి క్షీణించిన కొలదికాలమునకే కొల్లేటి నడుమ మఱియొక రాజధాని తలయెత్తెను. శాసనములలో కొలను, సరసీపురి యను పేర్లతో కానవచ్చు ఈ జలదుర్గమును కొలని మండలీకులు పాలించిరి. విక్రమ చోళుడు యువరాజుగా నుండి కొలనుపై దండెత్తి తెలుంగు భీముని పాఱద్రోలినట్లు అతని తమిళ శాసనములు చెప్పుకొనుచున్నవి. దక్షిణమునుండి వచ్చిన పాండ్యరాజు సైతము ఇదే భీమునిపై విజయము తనదిగా చాటుకొనెను. పదమూడవ శతాబ్దమున కాకతి గణపతిదేవుని పక్షమున ఇందులూరి సోమమంత్రి కొలనును జయించెను. ఆ వంశమున పుట్టి ఇచ్చట అధికారము నెఱపిన రుద్రదేవుడు కొలని రుద్రుడని ఖ్యాతి గాంచెను.

నేడు కైకలూరు మండలములోని కొల్లేటికోట లంకపై పెద్దింట్లమ్మ యాలయము జనాదరణతో వెలుగొందుచున్నది. ఇచ్చట లాంగూల గజపతి కోట యుండెడిదనియు, చిగురుకోట వద్ద విడిసిన శత్రుసేన సరస్సునీటిని సముద్రమునకు తీసివేయుటకై ఉప్పుటేరును త్రవ్వించెననియు, ఆ ప్రయత్నము సఫలమగుటకై యొక సేనాని తన కూతును బలియిచ్చెననియు, అందుచేతనే ఆ కాలువకు పేరంటాళ్ల కనుమ యని పేరు కలిగెననియు స్థానికులు చెప్పుకొందురు. ఐతిహ్యమును ఐతిహ్యముగానే గ్రహింపవలెనుగాని, నీటిమట్టమును అనుసరించి ఊళ్లు వెలయుటయు తొలగుటయు కొల్లేటిసీమకు సహజమన్న సత్యము దానియందున్నది. 1999 లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002 లో రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరిన ఈ సరస్సులో అంతకు పూర్వమే చేపలచెరువుల గట్లు విస్తరించియుండెను. 2005-06 లో ప్రభుత్వము పెక్కు గట్లను త్రవ్వించివేసెను. గట్టు వేయునప్పుడును, గట్టు కొట్టునప్పుడును సరస్సు గర్భముననున్న పూర్వజనావాసముల చిహ్నములు పరిశీలనకు నోచుకొనకయే చెదరు ప్రమాదము కలదు.

దిబ్బలు, రాళ్లు, త్రవ్వకములు

పాడుపడిన నగరపు రాళ్లు పొరుగున పెరుగుచున్న పట్టణమునకు చేరుట చరిత్రలో తఱచు జరుగు విషయము. ముసల్మాను ప్రభువుల కాలమున ఏలూరి కోటను నిర్మించుటకు వేంగి శిథిలములనుండి రాళ్లను తరలించిరని గెజిటీర్లు వ్రాయుచున్నవి. ఏలూరు సర్కారునకు ముఖ్యపట్టణముగా ఎదిగిన ఊరు తన పూర్వపు రాజధాని ఎముకలతోనే తన గోడలను కట్టుకొనెనన్నమాట. పందొమ్మిదవ శతాబ్దమున వాల్టర్ ఎలియట్ దొర ఈ దిబ్బలను గుర్తించెను. 1882 లో రాబర్ట్ స్యూవెల్ ప్రకటించిన ప్రాచీన స్థలముల పట్టికలోను ఇవి చోటుచేసికొన్నవి.

వెలుపలినుండి చూచువానికి దిబ్బ వట్టి మట్టిమెఱక. వానలకు కోసుకుపోయిన అంచున నిలిచి చూచినచో దాని నిర్మాణము తెలియును. పైని గడ్డివేళ్లు అల్లుకొనిన బూడిదరంగు మన్ను. దానిక్రింద విఱిగిన కుండపెంకులు, బొగ్గు, ఎముకముక్కలు కలిసిన పొర. అంతకు దిగువ నేటి యిటుక కంటె ఎంతో పెద్దవైన వెడల్పాటి ఇటుకల వరుస. దానికిని క్రింద మఱల పెంకుల పొర. తరతరములు ఒకదానిపై నొకటి నివసించిన గుర్తులివి. ఇట్టి పాతఊరి మట్టినే రైతులు పాటిమన్ను అందురు. ఎరువుగా పనికివచ్చునన్న నమ్మకముతో బండ్లకొలది త్రవ్వి పొలములకు తోలుటచే తెలుగునాట ఎన్నియో పాటిదిబ్బలు అడుగంటినవి.

పెదవేగిలోను దెందులూరులోను ఉన్న ముఖ్యమైన దిబ్బలు కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నవి. దెందులూరులోని భీమలింగదిబ్బ వానిలో నొకటి. పెదవేగి త్రవ్వకములలో క్రీ.పూ. రెండవ శతాబ్దము మొదలు క్రీ.శ. పండ్రెండవ శతాబ్దము వరకు గల అవశేషములు వెలువడినవి. ధనమ్మదిబ్బ యను చోట ఇటుక స్తూపము బయల్పడినది. గోడలు, మట్టిపాత్రలు, పూసలు, నాణెములు లభించినవి. పండ్రెండవ శతాబ్దముతో అవశేషములు ముగియుట గమనార్హము. శాసనములు చెప్పిన క్షీణదశను నేలయు అదేకాలమునకు ధ్రువపఱచుచున్నది.

అన్యదేశముల పాడుగ్రామములతో పోలిక

ఇంగ్లండు దేశమున మధ్యయుగములనాటి పాడుగ్రామములు సుమారు 3000 గుర్తింపబడినవి. వానిలో యార్కుషైరు మిట్టనేలలలోని వారం పెర్సీ సుప్రసిద్ధము. 1348-49 నాటి మహామారి జనసంఖ్యను తగ్గించగా, పిమ్మట ఉన్ని వ్యాపారపు లాభము నాశించిన భూస్వాములు పొలములను గొఱ్ఱెల బీళ్లుగా మార్చుటచే, 1500 ప్రాంతమునకు ఆ గ్రామము ఖాళీయైనది. మారిస్ బెరెస్‌ఫర్డు, జాన్ హర్స్టు అను పండితుల నాయకత్వమున 1950 నుండి 1990 వరకు ఏటేటా వేసవిలో అచ్చట త్రవ్వకములు జరిగి, రాజులచరిత్ర కాక సామాన్య కర్షకుని ఇల్లు, పెరడు, పనిముట్టు, ఎముకలు సైతము అధ్యయనవస్తువులైనవి.

ఆ గ్రామపు అవశేషములు నిలిచినది దానిపై గడ్డి పెరిగి నాగలి దిగకపోవుటచేతనే. వేంగిసీమ గతి దీనికి విపర్యాసము. ఇచ్చట నేల ఎన్నడును బీడుపడలేదు. మనుష్యులు ఎన్నడును పూర్తిగా తొలగలేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియై కాలువలు పల్లపుభూములను సస్యశ్యామలము చేసెను; మెట్టయందు పొగాకు, కొబ్బరి, నిమ్మ, మొక్కజొన్న, ఆయిల్‌పామ్ తోటలు వ్యాపించినవి. భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ పెదవేగిలోనే నెలకొనియున్నది. ఈ సమృద్ధి ప్రజలకు శుభకరమే యైనను, ట్రాక్టరు నాగళ్లును, పొక్లెయిన్లును ఒక్క పూటలో తొలగించు మట్టి వేయియేండ్ల లేఖనమని ఎఱుగుట అవసరము. అంతేకాక, వారం పెర్సీలో జరిగినట్లు సామాన్య జనుల నివాసములను లక్ష్యముగా నుంచుకొని దశాబ్దములపాటు విడువక సాగిన పరిశోధన వేంగికి నేటివరకు దక్కలేదు.

మిగిలిన వారసత్వము

నగరము నశించినను దాని పేరు నశింపలేదు. వేగినాటి బ్రాహ్మణశాఖ ఆ సీమను నేటికిని తలపించుచున్నది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వేంకటకృష్ణారావు, నేలటూరి వేంకటరమణయ్య ప్రభృతులు వేంగీ చరిత్రను శాసనములనుండి పునర్నిర్మించిరి. వారి కృషిచే రాజుల వంశావళియు, యుద్ధములును, దానములును మనకు తెలిసినవి. ఆ రాజులకు పన్ను చెల్లించిన కుమ్మరి, సాలె, కాపు ఎట్టి ఇండ్లలో నివసించిరో, ఏమి భుజించిరో శాసనములు చెప్పవు, దిబ్బలే చెప్పవలెను.

కర్తవ్యము

1958 నాటి ప్రాచీన స్మారకముల చట్టమును దాని సవరణలును రక్షితస్థలము చుట్టును 100 మీటర్ల మేర నిర్మాణములను నిషేధించుచున్నవి. 1878 నాటి నిధినిక్షేప చట్టము ప్రకారము భూమిలో దొరకిన విలువగల పురాతనవస్తువును గూర్చి కలెక్టరునకు తెలియజేయుట దొరకించుకొన్నవాని విధి. కాని చట్టము చేరజాలని దిబ్బలు రక్షితములైన వానికంటె ఎక్కువ. ఏలూరు, తాడేపల్లిగూడెము, కైకలూరు పరిసరముల ప్రతి పంచాయతీయు తన పొలిమేరలోని పాటిదిబ్బలను, పాత చెరువులను, బేచిరాకు (జనశూన్య) గ్రామముల స్థలములను సర్వే నంబర్లతో నమోదు చేసి పురావస్తుశాఖకు అందజేయవలెను. పాఠశాలల ఉపాధ్యాయులు ఆ పనిలో విద్యార్థులను భాగస్వాములను చేయవలెను. రైతులు నాగటిచాలున దొరకిన రాగిరేకును కరగించక, పెద్ద యిటుకల వరుస కనబడినచోట మట్టి తీయుట నిలిపి తహసీలుదారునకు తెలుపవలెను. రాజులు విడిచిపోయిన వేంగిని కాపాడవలసినవారు ఇప్పుడు ఆ నేలను దున్నుచున్న ప్రజలే.